అరటినారతో కట్టిన దండ

మొన్న దసరాకి మా కోడలు వంటింట్లో గ్రైండరుకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, శాస్త్రానికి ఒకసారి తిప్పుదామని స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. "ఆపు!" అని నేను వేసిన కేకకి పక్క ఫ్లాటావిడ కూడా పరుగెత్తుకొచ్చింది. "ఏమైందత్తయ్యా, షాకు కొట్టిందా?" అంది కోడలు బిత్తరపోయి. "ముందు దండ తియ్యి, తర్వాత స్విచ్చి వెయ్యి" అన్నాను. పూజ చేసిన దండ అప్పుడే తీస్తారా అని దాని అనుమానం. దగ్గరుండి తీయించాను. విజయవాడ వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన గొంతు నాది, కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. కానీ నిజం చెప్పాలంటే ఆ కేక నాది కాదు, మా మామయ్యది.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. డెబ్బైల్లో పామర్రులో ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. హైస్కూలు చదువు కోసం నన్ను వాళ్లింట్లో పెట్టారు. మిల్లులో ఆయిలింజను ఉండేది. దాని పెద్ద చక్రం నుంచి మిషన్ల దాకా జానెడు వెడల్పు బెల్టు, అడ్డూ ఆపూ లేకుండా, మనుషులు నడిచే దారి పక్కనే పరుగులు తీసేది. చుట్టూ కంచె కట్టించమని మామయ్య ఎన్నిసార్లు అడిగినా షావుకారు గారు "చూద్దాంలే" అనేవారు. అందుకని మామయ్య తన చట్టం తను పెట్టుకున్నాడు. గుమ్మం పక్కన వరసగా మేకులు కొట్టాడు. మగవాళ్ల కండువాలు ఆ మేకులకి ఎక్కాలి, ఆడవాళ్లు కొంగు దోపి జడ ముడేసుకోవాలి. అందరినీ ఎగాదిగా చూసుకున్నాక గానీ ఇంజను తిప్పే హ్యాండిలు పట్టేవాడు కాదు. షావుకారు గారి బావమరిది జరీకండువా కూడా మేకుకి వేలాడాల్సిందే. "అది మనుషుల్ని గుర్తుపట్టదండీ" అనేవాడు ఇంజన్ని చూపించి.

అంతటి మనిషీ ఒక్కరోజు తప్పాడు. అందులో సగం తప్పు నాది. ఆ ఏడు దసరాకి ఇంజను దండ నేనే కడతానన్నాను. పూలదండ ఎవరైనా అరటినారతో కడతారు. నాకేమో దండ చక్రమంత పెద్దది కావాలి. నార మాటిమాటికీ తెగుతుంటే ఒళ్లు మండి, బస్తాలు కుట్టే పురికొస తెచ్చి దాంతో బిగించి కట్టాను. "అమ్మడూ, దీంతో ఏనుగుని కట్టెయ్యొచ్చే!" అని మామయ్య మురిసిపోయి తన చేత్తోనే ఇంజనుకి వేశాడు. కొబ్బరికాయ కొట్టాక శాస్త్రానికి ఐదు నిమిషాలు ఇంజను నడపడం ఆనవాయితీ. కండువాలన్నీ మేకులకి ఎక్కించిన మనిషికి, దేవుడి పూట కదా అని దండ తీయబుద్ధి కాలేదు. ఇంజను అదురుకి దండ జారింది. పూజ పూలు కాళ్ల కింద పడకూడదని ఆయన చటుక్కున చెయ్యి చాచి పట్టుకున్నాడు. రెండో కొస బెల్టు కింద చిక్కుకుంది. నార అయితే పుటుక్కున తెగేది. నా పురికొస తెగలేదు. వేళ్లకి చుట్టుకుని చేతిని చక్రం దాకా లాక్కుపోయింది.

బెజవాడ ఆసుపత్రిలో కుడిచేతి నడిమి వేళ్లు మూడూ తీసేశారు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. షావుకారు గారు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చారు. మంచివాడే పాపం. "గేటు దగ్గర కుర్చీ వేయిస్తా, కూర్చుందువుగాని. ఇంజనుకి ఇంకోణ్ణి మాట్లాడతాలే" అన్నారు. మామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "కోతల నాటికి నేనే వస్తానండీ. ఎవర్నీ మాట్లాడకండి" అన్నాడు. కోతలకి రెండు నెలలుంది. ఆయనకి ఆ ఇంజను తప్ప లోకం లేదు. అది పోతే ఆ కుర్చీలో మనిషి మిగలడని అత్తయ్యకీ తెలుసు, నాకూ తెలుసు.

ముందు అన్నం దగ్గర మొదలైంది యుద్ధం. అత్తయ్య చెంచా ఇస్తే "నేనేమన్నా దొరనా?" అని పక్కన పెట్టేశాడు. ఎడంచేత్తో తిననంటే తిననన్నాడు. మిగిలిన రెండు వేళ్లతోనే ముద్ద కట్టేవాడు. సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. మజ్జిగన్నం మరీ గండం. ఇక హ్యాండిలు తిప్పాలంటే ఎడంచేతికి బలం రావాలిగా, రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం ఎడంచేత్తో తిప్పడం పట్టాడు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో పూటపూటా ఇడ్లీలే. ఇరుగుపొరుగుకి పంచినా పిండి తరిగేది కాదు. పురికొస సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ చెయ్యి కనబడితే చాలు, దొడ్లోకి పోయి ఏడ్చేదాన్ని.

కోతలొచ్చాయి. మిల్లు ముందు ధాన్యం బళ్లు బారులు తీరాయి. అత్తయ్యా నేనూ కూడా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాం. మామయ్య ఇంజను దగ్గరికెళ్లి, హ్యాండిలు తీసి నేలమీద పెట్టేశాడు. "బెల్టుకి కంచె కట్టించండి. అప్పుడు తిప్పుతాను" అన్నాడు. ఈ ఇంజను కోసమే కదా ఇన్ని పాట్లు పడ్డాడు! "బళ్లు ఆగిపోయాయి కదయ్యా, కోతలయ్యాక చూద్దాం" అన్నారు షావుకారు గారు. "అయితే ఇంకోణ్ణే మాట్లాడుకోండి. వాడికి వేళ్లన్నీ ఉంటాయి, ముందు అవి లెక్క చూసుకోండి" అన్నాడు మామయ్య. షావుకారు గారు ఆ చేతి వంక చూసి, వడ్రంగికి కబురు పెట్టారు. మధ్యాహ్నానికి కంచె లేచింది. మామయ్య ఎడంచేత్తో హ్యాండిలు పట్టాడు. మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. అత్తయ్య అందరి ముందూ భోరుమంది.

మళ్లీ దసరా వచ్చింది. నేను పూల జోలికే పోలేదు. మామయ్య అరటినార తడిపి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "దండ నువ్వే కట్టాలి" అన్నాడు. ఏడుస్తూనే కట్టాను. ఆయన దాన్ని ఆ రెండు వేళ్లతో పట్టి లాగాడు. పుటుక్కున తెగి బంతిపూలన్నీ నేలంతా దొర్లాయి. "ఇదీ దండంటే! ఇంకోటి కట్టమ్మడూ" అని నవ్వాడు. రెండో దండ తీసుకెళ్లి ఇంజనుకి కాదు, కంచెకి వేశాడు.

మామయ్యా లేడు, ఆ మిల్లూ లేదు. మొన్న కోడలికి నారతో కట్టడం చూపిస్తుంటే మధ్యలో తెగింది. అది అయ్యో అంది. యాభై ఏళ్లు గడిచాయి గానీ, నార తెగిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.