ఇంకుడు గుంతకు కలిపిన పైపు

ఈ మాటను ఏళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాచారంలో, ఫ్యాక్టరీల పక్కనే ఉన్న మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను సెక్రటరీని. ఎండలు ముదిరి బోర్లు ఎండిపోతుంటే, అందరితో పోట్లాడి మరీ ఇంకుడు గుంత తవ్వించాను. డాబా మీద పడ్డ వాన చుక్క బయటికి పోకూడదని నా పట్టుదల. మా బోరు బతికింది. వెనకింటి సత్తెమ్మ బోరూ బతికింది. ఆమె దండం పెడితే ఉబ్బిపోయాను.

తర్వాత వానలు మారాయి. వారమంతా కురవాల్సింది ఒక్క మధ్యాహ్నంలో కుమ్మరించేది. మా వీధి పాత డ్రైనేజీ లైను అంత నీళ్లెక్కడ మోస్తుంది? మ్యాన్‌హోల్ పొంగి మురుగంతా మా సెల్లార్‌లోకి. వాటర్ బోర్డుకు ఫోన్ చేస్తే "పెద్ద లైన్ పడాలి సార్" అనేవాళ్లు. ఎప్పుడు పడుతుందయ్యా? కార్లు మునుగుతున్నాయని ఫ్లాట్లవాళ్లు నా మీద పడ్డారు. విసిగిపోయి, మనిషిని పెట్టి, డ్రైనేజీ ఛాంబర్ నుంచి ఇంకుడు గుంతకు పైపు కలిపించాను. ఈ ఒక్క వానకే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? సెల్లార్ పొడిగా ఉంది, అందరూ మెచ్చుకున్నారు, పైపు అలాగే ఉండిపోయింది.

మేము తాగేది క్యాన్ నీళ్లు. సత్తెమ్మ వాళ్లు తాగేది బోరు నీళ్లు. ఆ సంగతి నాకు తెలియదని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, తెలుసు.

ఆమె భర్త యాదగిరికి కామెర్లొచ్చాయి. ఆటో తోలే మనిషి మంచాన పడ్డాడు. సత్తెమ్మ సీసాలో బోరు నీళ్లు పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

"జర వాసన సూడు సారూ. గిది కంపెనీలోల్ల పనే. నేను జెప్తే ఎవరింటరు? నువ్వు పొల్యూషన్ ఆఫీసుకు తోడు రా."

"పద సత్తెమ్మా, నేనడుగుతా" అన్నాను.

అడిగాను. బల్ల గుద్ది అరిచాను, ఫ్యాక్టరీలను తిట్టాను. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. ఆ కాసేపూ ఆ కోపం నాకే నిజమనిపించింది. మర్నాడు పైపు పీకించి, కన్నానికి సిమెంటు పూయించాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

యాదగిరి బతికాడు గానీ మళ్లీ ఆటో ఎక్కలేదు. పెద్ద లైన్ ఇప్పటికీ పడలేదు. వానొస్తే సెల్లార్ మునుగుతుంది, నన్ను తిడతారు. తిట్టనీ. భరించలేనిది సత్తెమ్మనే. గల్లీలో ఎవరి నల్లా చెడినా, "మా సారును అడుగుండ్రి, మన కోసం కొట్లాడుతడు" అంటుంది.

కంపెనీలు కాదు సత్తెమ్మా. నేను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉంది.