దుప్పట్లు ఆరేసిన రోజు

ఆయన్ని అందరూ కొంగ అంటారు. మనిషి పొడుగు, మెడ ఇంకాస్త పొడుగు. డాబా మీద డిష్ వెనక చేరి, ఒక కన్ను మూసి, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడే మనిషికి ఇంకే పేరు పెడతారు చెప్పండి? వాళ్లావిడైతే, "ఆ గిన్నె వంక చూసినంతసేపు నా మొహం వంక ఎప్పుడైనా చూశారా?" అని దెప్పుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. చూడలేదు మరి, ఏమని చెప్తాడు?

వీధుల్లో దీపస్తంభాలకి చిన్న పెట్టెలు బిగించి ఉంటాయి చూడండి, ఫోన్లకి సిగ్నల్ ఇచ్చేవి. మన మాట ఆ పెట్టె దాకా వెళ్తే సరిపోదు. అక్కణ్ణుంచి కంపెనీ కేంద్రానికి చేరాలి. కేబుల్ వేద్దామంటే రోడ్డు తవ్వాలి. మొన్ననే వేసిన రోడ్డు తవ్వుతామంటే ఎవరు ఊరుకుంటారు? అందుకని స్తంభానికి పళ్లెమంత డిష్ ఒకటి, దూరంగా ఎత్తైన మేడ మీద ఇంకొకటి పెట్టి, రెండిటినీ ఎదురెదురుగా తిప్పుతారు. ఇక మాట గాల్లోనే వెళ్లిపోతుంది. కాకపోతే అవి రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. ఆ తిప్పడంలో కొంగది అందె వేసిన చెయ్యి. తను బిగించిన డిష్ దగ్గరికి రిపేరుకని మళ్లీ వెళ్లే పని పడలేదని ఆయనకి కాస్త గర్వం కూడా ఉంది. ఉంటే ఉండనీండి, పాపం ఆయనకున్నది ఆ ఒక్కటే.

అలాంటివాడికి ఒక వీధి కొరకరాని కొయ్యయింది. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయట, మాట మాత్రం వెళ్లదట. కొంగ వెళ్లి చూసేసరికి అంతా సవ్యంగా ఉంటుంది. నట్లు బిగువుగా ఉన్నాయి, డిష్ వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఆఫీసుకి వస్తాడో లేదో, మళ్లీ ఫిర్యాదు.

"బాబాయ్, ఈసారైనా తేల్చండి," అంది ఆయన పై ఇంజినీరు. వయసులో కూతురంత ఉంటుంది, పనిలో మాత్రం గట్టి మనిషి. "స్టేడియం పనికి మిమ్మల్నే పెద్దగా పెట్టమని పైవాళ్లకి చెప్పి ఉన్నాను. ఈ వీధి ఇలా ఉంటే నా మాట ఎవరు వింటారు?"

స్టేడియం అంటే మాటలా? ఎన్ని డిష్‌లు, ఎంతమంది మనుషులు! అందరూ కొంగ చెప్పినట్టు వినాలి. ఆ కబురు ఆయన అప్పుడే ఇంట్లో చెప్పేసుకున్నాడు కూడా.

ఫిర్యాదులు ఎక్కువగా ఒకే మనిషి నుంచి వస్తున్నాయని తెలిసి, ఈసారి పొద్దున్నే తిన్నగా ఆ ఇంటికే వెళ్లాడు. స్తంభానికి ఎదురుగా పాత మేడ. పైన ఒక్క గది, గది ముందు డాబా. అక్కడ ఒకావిడ లాడ్జి దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. తల నెరిసింది, చేతులు నీళ్లలో నాని తెల్లబడ్డాయి.

"నువ్వేనా ఫోన్ల మనిషివి? రా తమ్ముడూ, నీకోసమే చూస్తున్నా," అంది. "లాడ్జివాళ్లు చేస్తే నా ఫోన్ తగలదట. కావాలనే ఎత్తడం లేదనుకుంటున్నారు. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. అప్పుడు నేనేం తిని బతకాలి?"

"నేను చూస్తాగా అక్కా. రేపు స్టేడియం పనికి నేనే పెద్దని, ఈ వీధి ఎంత?" అన్నాడు కొంగ, కాస్త బడాయిగానే.

అని, నీళ్లు కారుతున్న దుప్పటి ఒకటి పక్కకి తప్పించి మెడ చాచాడు. ఇటు తిరిగితే స్తంభం మీద తన డిష్. అటు తిరిగితే దూరాన మేడ మీద దాని జోడీ. సరిగ్గా రెండిటి మధ్యా బారులు తీరిన తడి దుప్పట్లు.

తడి బట్ట ఆ సిగ్నల్‌కి గోడతో సమానం. ఆరినకొద్దీ దారి ఇస్తుంది. ఫిర్యాదు చేరి తను వచ్చేసరికి అవన్నీ ఆరిపోయి, మడతపడి ఉండేవి. మొదట్లో దారికి ఏదైనా అడ్డం ఉందేమోనని సర్వేకి వచ్చింది ఈవిడ సెలవు రోజున. ఆ రోజు ఖాళీ తాళ్లు చూశాడు. తాళ్ల మీదికి ఏం వస్తుందో ఆలోచించలేదు.

దాచలేక చెప్పేశాడు. ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయింది.

"అయితే ఇన్నాళ్లూ నా నోరు నేనే నొక్కుకున్నానన్నమాట," అంది. "ఇప్పుడు మీవాళ్లు ఇంటి ఓనరుకి చెప్తారా?" అని అడిగింది.

అక్కడే ఉంది చిక్కు. అడ్డం ఉన్నది డాబా మీది సామానైతే, తీసెయ్యమని కంపెనీ ఇంటి యజమానికి ఉత్తరం రాస్తుంది. ఆ యజమాని ఈవిణ్ణి డాబా ఖాళీ చేయించడానికి ఎప్పుడు వంక దొరుకుతుందా అని కాచుకుని ఉన్నాడు. కొంగ తను తప్పించిన దుప్పటి మళ్లీ తాడు మీద సర్దాడు. చేతిలోకి వచ్చిన బట్టల క్లిప్పు ఒకటి పరధ్యానంగా జేబుకి తగిలించుకుని మెట్లు దిగిపోయాడు.

"దొరికిందా బాబాయ్?" అంది ఇంజినీరు.

"సర్వే తప్పమ్మా. నాదే. సెలవు రోజు చూశాను, పని రోజు చూడాల్సింది."

"పని రోజు ఏముంటుంది అక్కడ?"

ఆ అమ్మాయి చూపు ఆయన జేబు మీది క్లిప్పు దగ్గర ఆగింది. వీధి మ్యాపు ముందుకి లాక్కుంది.

"అడ్డం ఉన్నా సిగ్నల్ మలుపు తిరిగి వెళ్లే రేడియో పెట్టె ఉంది, పెడదామా?"

"దానికి అంత జోరు లేదమ్మా. సాయంత్రం వీధంతా ఫోన్లు పట్టుకుంటే చతికిలబడుతుంది. మూల మీద మందుల షాపు డాబా ఉంది. స్తంభం నుంచి అక్కడికి ఒక అంగ, అక్కణ్ణుంచి మన డిష్ ఉన్న ఎత్తు మేడకి ఇంకో అంగ. మధ్యలో ఏ అడ్డూ లేదు. ఇవాళ అన్నీ చూసే వచ్చాను."

"ఇంకో జత డిష్‌లు ఎందుకని పైవాళ్లు అడుగుతారు."

"కొంగ సర్వే తప్పు చేశాడని చెప్పు."

"అలా చెప్తే స్టేడియం మీకివ్వరు బాబాయ్."

"తెలుసమ్మా."

ఆ పిల్ల ఫారం తీసి అలాగే రాసింది. "సరే. ముందు ఆ క్లిప్పు తీసి లోపల పెట్టుకోండి. పైవాళ్ల కంట పడిందంటే నేను చెప్పేది నమ్మరు," అంది.

ఇంట్లో మాత్రం గొడవే అయింది. "మీకేమైనా మతి పోయిందా? ఊరందరికీ చెప్పుకున్నానే," అని వాళ్లావిడ అంట్ల గిన్నెలు విసురుగా ఎత్తుకుపోయింది. అవన్నీ తోమి, తుడిచి, బోర్లించాక వచ్చి పక్కన కూర్చుంది. "ఆవిడ మాత్రం ఏం చేస్తుందిలెండి," అంది. అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

మందుల షాపు మీద డిష్‌లు కొంగే బిగించాడు. స్టేడియం పని ఇంకొకాయన చేతికి వెళ్లింది, కొంగ దగ్గర పని నేర్చుకున్నవాడే. అతను పైనుంచి చెప్తుంటే కొంగ కింద ఎండలో నిలబడి కేబుల్ అందిస్తున్నాడు. జేబులో ఫోన్ మోగింది.

"తమ్ముడూ, నేను, దుప్పట్ల అక్కని. ఇవాళ అన్నీ ఆరేశాను, ఒక్క తాడూ ఖాళీ లేదు. వినిపిస్తున్నానా?"

"బాగా వినిపిస్తున్నావక్కా."

"లాడ్జివాళ్లు కూడా ఇందాకే చేశారు. నువ్వు చల్లగా ఉండాలి. అన్నట్టు నీ స్టేడియం పని మొదలైందా? అందరూ నువ్వు చెప్పినట్టు వింటున్నారా?"

"కేబుల్ వదలండి బాబాయ్, ఇంకాస్త వదలండి," అని పైనుంచి కేక వినిపించింది.

కొంగ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా కేబుల్ వదిలాడు.

"వింటున్నారక్కా," అన్నాడు.