ఇంటర్వెల్ దాకా

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పొద్దుటి రైల్లో మా బడి హిందీ టీచరు రోజూ ఒకే హిందీ సినిమా చూసేది. అవసరం కోసం పెళ్లి చేసుకున్న ఇద్దరి కథ. ఇంటర్వెల్ రాగానే ఫోను ఆపి సంచిలో పెట్టేసేది. సాయంత్రం తిరుగు రైల్లో మళ్లీ మొదటి నుంచి.

"తర్వాతేమవుతుంది మేడం?" అని ఒకసారి అడిగాను.

"ప్రేమించుకుంటారండి. అదంతా మనకెందుకు?"

ఆవిడదీ అలాంటి పెళ్లే. టీచర్ల బదిలీల్లో భార్యాభర్తలకు దగ్గర ఊళ్లు రావడానికి స్పౌజ్ పాయింట్లు కలుపుతారు. ఎక్కడో దూరాన పనిచేస్తున్న ఆవిడా, అంతకంటే దూరాన ఉన్న ఒక లెక్కల మాస్టారూ దరఖాస్తు గడువు ముగిసేలోపు పెళ్లి చేసుకున్నారు. ఆవిడకి రేపల్లె, ఆయనకి బాపట్ల వచ్చాయి. మధ్యలో తెనాలిలో కాపురం. ఆయన్ని ఆవిడ "మా స్పౌజ్ గారు" అనేది, దరఖాస్తులో రాసినట్టే.

మొన్నటి బదిలీల్లో తెనాలిలోనే, వాళ్లింటికి రెండు వీధుల అవతల ఖాళీ పడింది. ఆవిడకున్న సర్వీసుకి ఏ స్పౌజ్ పాయింట్లూ అక్కర్లేకుండానే ఆ బడి వచ్చేది. ఆవిడ మాత్రం బాపట్ల పక్క పల్లెటూరు కోరుకుంది.

"ఇంటి పక్క బడి వదులుకున్నారేంటి మేడం?"

"బాపట్ల వైపైతే ఇద్దరిదీ ఒకటే రైలండి."

"అయితే?"

ఆవిడ సంచి జిప్పు తీసి, మళ్లీ వేసింది.

"సినిమా రెండో సగం చూడాలంటున్నారు. ఆయనకి హిందీ రాదండి. పక్కన కూర్చుని ఎవరో ఒకరు చెప్పాలిగా."