వాయవ్యం గదికి వైఫై

2024 వేసవి. యానాంలో ఇళ్లకూ షాపులకూ నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. మెట్టకూరు నుంచి సూర్యారావుగారు ఫోన్ చేశారు. రొయ్యల చెరువుల ఆసామి, కొత్తగా మేడ కట్టారు. ఆయన కోడలు స్వాతి పైగదిలో కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తోంది. మీటింగుల మధ్యలో నెట్ పోతోందట. ఇంకొక్కసారి పోతే ఉద్యోగం పర్మినెంట్ చెయ్యబోమని పైవాళ్లు చెప్పేశారు. ఆ సంగతి తేల్చే మీటింగు ఆ మధ్యాహ్నమే.

వెళ్లి చూస్తే నవ్వాగలేదు. కింద రౌటర్ ఇంటికి ఆగ్నేయ మూల ఉంది. మేడ మీద కొత్త యాక్సెస్ పాయింట్, అంటే వైఫైని దూరపు గదులకు అందించే పెట్టె, సరిగ్గా దాని నెత్తిమీదే ఉంది. స్వాతి గది వాయవ్యంలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా.

"ఏటండీ ఇది? రెండూ ఒకే మూల కూర్చుంటే ఆ గదికెలా అందుద్దండీ?" అన్నాను.

"కరెంటు వస్తువు ఆగ్నేయంలోనే ఉండాలండి. వాస్తు చూసి మరీ కట్టించాను. కావాలంటే యాంటెన్నాలు ఎక్కువున్నది పట్రండి, అక్కడే పెడదాం" అన్నారు సూర్యారావుగారు.

నాకు ఒళ్లు మండింది. యాంటెన్నాలు ఎన్నుంటే ఏం లాభం? లాప్‌టాప్ పంపే సిగ్నల్ కూడా ఆ గోడలు దాటి పెట్టెదాకా రావాలి కదా! గట్టిగా వాదించబోయాను. గుమ్మంలో నిలబడ్డ స్వాతికి ఏడుపొక్కటే తక్కువ. ఆ మొహం చూసి గొంతు తగ్గించాను.

అప్పుడు తట్టింది. "ఇంటికున్నట్టే గదికీ ఆగ్నేయం ఉంటుంది కదండీ? అమ్మాయిగారి గదిలో ఆ మూల పెడితే?"

ఆయన గది మధ్యకెళ్లి నిలబడి దిక్కులు చూసుకున్నారు. "ఆయ్, అలాగైతే తప్పులేదండి."

మేడమీదున్న పెట్టెనే అక్కడికి మార్చాను, కొత్తది కొనక్కర్లేకపోయింది. ఆ మూల ప్లగ్గు లేదు కాబట్టి పీఓఈ వాడాను. అంటే నెట్టూ కరెంటూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి. టీవీ వైరు పైపులోంచే దాన్ని లాగేశాను.

మీటింగు మొదలైంది. సూర్యారావుగారు మెట్లమీద కూలబడి, "పోలేదు కదండీ?" అని నన్ను ఊరికే గిల్లుతున్నారు. లోపల స్వాతి గొంతు తడబడకుండా వినిపిస్తోంది.

తలుపు తెరుచుకుంది. "ఒక్కసారి కూడా కట్ అవ్వలేదండీ మావయ్యగారూ! పర్మినెంట్ చేసేశారు!"

హమ్మయ్య అని పైకే అనేశాను. ఆ రోజు నుంచి ఏ ఇంటికెళ్లినా పెట్టెల మాట తర్వాత. ఎవరు ఎక్కడ కూర్చుని పనిచేస్తారు, ఆ ఇంట్లో ఏ మాట కాదనకూడదు, ఈ రెండూ ముందు అడుగుతాను.

ఆ రోజు సూర్యారావుగారు మాత్రం కండువాతో మొహం తుడుచుకుని, కోడలితో "పొద్దుట్నుంచీ ఏం తినలేదు కదమ్మా, ముందు అన్నం తిను" అన్నారు.