సత్యానందం గారి గోల్ఫ్ కర్రను కోసినప్పుడు

ఈ ఉదయం ఖుర్సీపార్‌లో స్కూటీకి పంక్చరు వేయిస్తూ నిలబడ్డాను. నిలబడ్డాననడం అబద్ధం, దుకాణం ముందు ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. "దీదీ, బైఠ్ జాయియే" అని కూర్చోమన్నాడు దుకాణదారు, నా తిరుగుడు చూడలేక. పెట్రోలుతో తుడిచిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. సత్యానందం గారు గుర్తొచ్చారు. ఇక కాళ్ళు అసలే ఆగలేదు. ఒకచోట కూర్చోలేని ఈ జబ్బు ఆయన దగ్గర అంటుకున్నదే.

రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఆయన నా పై అధికారి. విజయనగరం వైపు మనిషి. నాకు పని నేర్పింది చాలక, ఆదివారం ప్రార్థన కాగానే టౌన్‌షిప్ గోల్ఫ్ మైదానానికి లాక్కెళ్ళి ఆట కూడా నేర్పారు. ఆ ఆటలో మొదటి దెబ్బకు వాడే పొడవాటి కర్రను డ్రైవర్ అంటారు. దానితో ఆయనంత దూరం కొట్టగలిగినవాళ్ళు మాలో లేరు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

రిటైరయ్యాక ఆయన నడుం పట్టేసింది. బంతి దూరం పోతోంది గానీ, కుడికి వంకరపోయి గోడ దాటి రోడ్డున పడుతోంది. ఒకసారి బడిపిల్లల రిక్షా పక్కనే పడింది. ఇంకొక్క బంతి గోడ దాటితే ఆట మానుకోవాల్సిందేనని మైదానం కమిటీ వాళ్ళు తేల్చేశారు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఆ ఆటే. "ఇది కూడా పోతే నానేటి సెయ్యాలి బేటా, గోడల్తో తగువాడాలా?" అంటూ మా వంటగదిలో గిరగిరా తిరుగుతుంటే నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

"కర్ర కురచ చేద్దాం సార్. దూరం తగ్గినా అదుపులో ఉంటాది," అన్నాను.

"నా చెయ్యి కొయ్యి. దాన్ని కొయ్యకు," అని విసురుగా వెళ్ళిపోయారు. మళ్ళీ ఆయనే కర్ర పట్టుకొచ్చారు. "కానియ్యి. నాను సూడను," అన్నారు. అని, కళ్ళప్పగించి చూస్తూ నిలబడ్డారు.

పైనున్న రబ్బరు పట్టును బ్లేడుతో చీల్చి తీశాను. కోయాల్సింది చేత్తో పట్టుకునే కొసనే, బంతికి తగిలే తలవైపు కాదు. గుర్తు పెట్టగానే, "కొంచెం ఎక్కువుంచి కొయ్యి," అన్నారాయన. నేనూ అలాగే కోసి, కొత్త రబ్బరును పెట్రోలుతో తడిపి తొడిగాను. మర్నాడు సాధన చేస్తే బంతి మళ్ళీ కుడికే పోయింది. "కోసి ఏటి లాభం!" అని ఆయన కర్రను విసిరికొట్టారు.

అప్పుడు వెలిగింది నాకు. మిల్లులో ఎర్రగా కాలిన పట్టాను ఎప్పుడూ కాస్త ఎక్కువుంచే కోస్తాం, చల్లారాక కుదించుకుపోతుంది కనుక. "సార్, ఈ కర్ర సల్లగానే ఉంది కదా, ఇంకేటి తగ్గుతాది?" అన్నాను. ఆయన నోరు తెరిచి నావైపు చూసి, "ఓర్నాయనో! ఇద్దరవూ మిల్లు బుర్రే వాడేశాం!" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే, "ఈసారి మొహమాటపడకు," అన్నారు. మళ్ళీ కోశాను.

ఆ ఆదివారం కమిటీ పెద్దమనిషి స్వయంగా మాతో ఆడటానికొచ్చాడు. జాముల్ ఊరి నుంచి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు కూడా ఉన్నాడు. రోడ్డు పక్క గోడ దగ్గర సత్యానందం గారు కొట్టారు. బంతి తిన్నగా వెళ్ళి గడ్డి మధ్యలో ఆగింది. "చలియే, ఖేల్తే రహియే," అని, ఆడుతూ ఉండమన్నాడు పెద్దమనిషి. ఆయనకు ఆట దక్కింది. కానీ మా ముగ్గురి బంతులూ ఆయన బంతిని దాటి పడ్డాయి, నాది కూడా. నాకు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

బంతి పడాల్సిన గుంతలో పాతిన జెండాకు ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్ళే తర్వాతి దెబ్బ ముందు కొట్టాలి. ఇన్నేళ్ళూ ఆయన బంతే జెండాకు దగ్గర, అందుకని అందరూ కొట్టేదాకా ఆయన నేలను తన్నుకుంటూ ఆగేవారు. ఆ రోజూ అలవాటు కొద్దీ పక్కకు తప్పుకోబోయి, టక్కున ఆగారు.

"ఏటి, ఇప్పుడు నానే ముందా?"

"మీరే సార్."

"మరైతే జరగండర్రా! మీకోసం నిలబడి నిలబడి నా కాళ్ళరిగిపోనాయి. ఇప్పుడు మీరు నిలబడండి!" అంటూ బంతి దగ్గరికి దాదాపు పరుగెత్తారు.

ఆయన ఇప్పుడు లేరు. నా వాటాలో ఏదైనా తగ్గిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. మండుతూనే, నా వంతు ముందుకొచ్చిందేమో చూసుకుంటాను. వచ్చిందా, అందరినీ జరగమంటాను.