వాగు దాటే బండికి ఎత్తి కట్టిన తీగలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం, వేసవి చివరలో, జనగామ నుంచి మహబూబాబాదుకు మోటారు వాహన తనిఖీ అధికారిగా బదిలీ అయి వెళ్లాను. జనగామలో సహాయ తనిఖీ అధికారిని. హోదాలో ఒక మెట్టు పెరిగిందే గాని పని స్వభావం మారలేదు. వాహనం రహదారి మీద తిరగడానికి యోగ్యమైనదా కాదా అని పరీక్షించి యోగ్యతాపత్రం మీద సంతకం చేయాలి, లేదా కారణం రాసి నిరాకరించాలి. జనవ్యవహారంలో దీనినే ఎఫ్.సి. అంటారు.

ఇంజను మార్చిన వాహనం వస్తే పని కొంత పెరుగుతుంది. యజమాని ముందుగా అనుమతి కోరాలి, కొన్న ఇంజను ఎక్కడిదో తెలిపే రసీదు చూపాలి. ఇంజను మీద చెక్కిన అంకెలపై కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును దరఖాస్తుకు జతపరచాలి. ఆ అచ్చును లోహం మీది అంకెలతో సరిపోల్చడం మా విధి. తనిఖీ అంతటితో ముగిసినట్టే చాలామంది భావిస్తారు. నేను అలా భావించలేదు. ఇంజనుతో పాటు దాని పొగను శుద్ధిచేసే భాగాలు, వాటిని బండిలోని చిన్న కంప్యూటరుతో కలిపే తీగలు కూడా కొత్త కాపురానికి వస్తాయి. ఆ కాపురం కుదిరిందో లేదో పొగ గొట్టం దగ్గర తెలుస్తుంది.

ఆ జ్యేష్ఠమాసంలో ధరావత్ శాంతి అనే ఆమె తన పసుపు పచ్చని పెట్రోలు వ్యానును తనిఖీకి తెచ్చింది. నర్సింహులపేట మండలంలోని ఒక తండా ఆమెది. భర్త లేడు. చుట్టుపక్కల తండాల పిల్లలను బడికి చేరవేయడమే ఆమె జీవనాధారం. పాత ఇంజను వేడికి పాడైపోగా, ప్రమాదంలో నుజ్జయిన అదే రకం వ్యాను నుంచి తీసిన ఇంజనును యాకయ్య అనే మెకానిక్కు చేత బిగింపించింది. బడి తెరిచే నాటికి ఎఫ్.సి. లేకపోతే ఆ దారిని మరొక వ్యానుకు ఇస్తామని ప్రధానోపాధ్యాయుడు ముందే చెప్పాడట. మిగిలిన గడువు వారం లోపే.

అంకెలు సరిపోయాయి. బ్రేకులు, దీపాలు, టైర్లు బాగున్నాయి. పొగ గొట్టంలో పరీక్ష గొట్టం పెట్టగానే యంత్రం అనుమతించిన పరిమితిని మించి చూపింది. ఇంజను నిలకడగా మోగుతున్నా పచ్చి పెట్రోలు వాసన వస్తోంది. స్టీరింగు వెనుక ఇంజను హెచ్చరిక దీపం వెలుగుతోంది.

ఆ దీపం సంగతి అడిగాను. ఆమె వెంట వచ్చిన యాకయ్య తన ఫోనుకు కలిపే చిన్న పరికరంతో అప్పటికే లోపాలను చదివి ఉన్నాడు. కన్వర్టరు చచ్చిపోయిందని ఒక ఫిర్యాదు, ముందు సెన్సరు మందగించిందని మరొకటి. కన్వర్టరంటే పొగలోని విషవాయువులను మార్చివేసే లోహపు డబ్బా. వ్యాను అడుగున పొగ గొట్టం మధ్యలో ఉంటుంది. కొత్తది కొనే శక్తి ఆమెకు లేదని చెప్పి, యాకయ్య గొంతు తగ్గించాడు.

"దీపం బల్బు తీసేస్తే అయిపోతది సార్. అందరు గట్లనే చేస్తుండ్రు."

దానికి నేను ఒప్పుకోలేదు. కారణం ముక్కుకు తగిలిన వాసన ఒక్కటే కాదు. వ్యాను నేల మీద పరిచిన రబ్బరు చాప రెండవ వరుస సీటు కింద మెత్తబడి, అంచు ముడుచుకుపోయి ఉంది. దాని కిందనే కన్వర్టరు. అది ఉండవలసిన దానికంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతోంది. ఆ సీటు మీద కూర్చునేది చిన్న తరగతుల పిల్లలు. నిరాకరిస్తున్నానని చెప్పాను.

శాంతి కోపగించుకుంది గాని గొంతు పెంచలేదు. "మీరు రాసేది కాయితం మీద సార్, నేను నడిపేది రోడ్డు మీద. బడి తెరిచినంక నా బండి ఇంటికాడ పండుకుంటే నా పిల్లలకు ఏం పెట్టాలె?" అంది. కాసేపటికి ఒక స్థానిక నాయకుడు ఫోను చేసి, తండా ఆడబిడ్డ కష్టపడి బతుకుతోంది, జర చూడమన్నాడు. చూస్తూనే ఉన్నానని చెప్పి పెట్టేశాను.

నిజానికి నన్ను ఆలోచింపజేసింది ఆ రెండు ఫిర్యాదులు జంటగా రావడం. కన్వర్టరుకు ముందొక ఆక్సిజన్ సెన్సరు, వెనుకొకటి ఉంటాయి. ముందుది ఇంజను నుంచి వచ్చే పొగను చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో క్షణక్షణం చెబుతుంది. అందుకే ఫోను తెర మీద దాని గీత ఎప్పుడూ ఊగుతుంటుంది. వెనుకది శుద్ధి అయిన పొగను చూస్తుంది గనుక దాని గీత దాదాపు నిలకడగా ఉంటుంది. అది కూడా ఊగితే, కన్వర్టరు చచ్చిపోయిందని కంప్యూటరు ఫిర్యాదు చేస్తుంది. ముందుది మందగించి, వెనుకది ఊగుతోందంటే రెండు భాగాలూ ఒకేసారి చెడ్డాయని అనుకోవచ్చు. అంతకంటే సులభమైన వివరణ, రెండింటి తీగలు తారుమారయ్యాయని. అప్పుడు వెనుకనున్న సెన్సరు మాటను ముందుదాని మాటగా నమ్మి, కంప్యూటరు ఆలస్యంగా పెట్రోలు సర్దుతుంది. మిగిలిపోయిన పెట్రోలు కన్వర్టరులో మండి దానిని కాల్చుతుంది.

మరమ్మతు మా విధి కాదు. కాని నిరాకరణకు సరైన కారణం రాయడం మా విధే. యాకయ్యను పిలిచి, ఇంజను నడుస్తుండగానే ముందు సెన్సరు నుంచి వచ్చే తీగను పట్టుకుని పోయి, అది తగిలిన చోట ఊడదీయమన్నాను. ఊడదీశాడు. ఫోను తెర మీద వెనుక సెన్సరు గీత పడిపోయింది.

తీగలు తారుమారయ్యాయన్నమాటే. యాకయ్య వంగి తీగల అతుకులు చూపాడు. "రంగుకు రంగు చూసే కలిపిన సార్. ఒక్కటి గూడ తప్పలే," అన్నాడు.

అతడు చెప్పింది అబద్ధం కాదు. తప్పు మరొకచోట జరిగింది. శాంతి తండాకు పోయే దారిలో వాగు ఉంది. వానాకాలంలో నీరు బండి అడుగును తాకుతుంది. అటువంటి బండ్లకు కింద వేలాడే కనెక్టర్లన్నింటినీ పైకి లేపి, ఇంజను వెనుక గోడకు గుత్తిగా కట్టడం అక్కడి మెకానిక్కుల అలవాటు. మంచి అలవాటే. కాని ఆ రెండు సెన్సర్ల కనెక్టర్లు ఆకారంలో ఒకటే. తయారీదారు ఒకదాని తీగ పొట్టిగా, మరొకదానిది పొడవుగా ఉంచి, ఒకటి రెండవదాని చోటికి అందకుండా చేశాడు. యాకయ్య రెండింటికీ తీగలు అతికి పొడవు పెంచి పక్కపక్కన కట్టేసరికి, దేనినైనా దేనికైనా తగిలించే వీలు ఏర్పడింది, అవి తారుమారయ్యాయి.

"నీళ్లు వడితే పిన్నులు కుళ్లుతయని పైకి లేపిన. గదే తప్పైందా సార్?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా శాంతి అందుకుంది. "బండి ఇస్తే పెండ్లి పందిరికి సీరీస్ లైట్లు కట్టినట్టు కట్టినవ్ గదనే అన్నా. బ్యాండు మేళం ఒక్కటే తక్కువ."

యాకయ్య నవ్వాడు. అప్పటిదాకా బిగదీసుకుపోయి ఉన్న ఇద్దరి ముఖాలూ కొంత తేలికపడ్డాయి.

కనెక్టర్లను మార్చి తగిలించాడు. అయితే అసలు సందేహం తీరలేదు. అంతగా వేడెక్కిన కన్వర్టరు లోపలి తేనెపట్టు వంటి రాయి కరిగి ఉంటే, తీగలు సరిచేసి ప్రయోజనం లేదు. వెంటనే పరీక్షిస్తే అది తేలదు. కంప్యూటరులో నమోదైన పాత లోపాలను తుడిచి, బండిని పిల్లలు లేకుండా నర్సింహులపేట దాకా నడిపి, మరునాడు తిరిగి తెమ్మన్నాను. కనెక్టర్లను మళ్లీ కిందికి దించమంటారా అని యాకయ్య అడిగాడు. వద్దన్నాను. వాగు ఎక్కడికీ పోదు. పొడవు చేసే పనిని దూరం చేత చేయించమన్నాను. ఒక కనెక్టరును గోడకు ఎడమ కొసన, మరొకదానిని కుడి కొసన కట్టి, మిగిలిన తీగను కోసివేస్తే ఒకదానికొకటి అందవు.

మరునాడు వ్యాను వచ్చింది. దీపం వెలగలేదు. ముందు సెన్సరు గీత చురుకుగా ఊగుతోంది. వెనుకదాని కోసం ముగ్గురమూ ఫోను మీదికి వంగాం. కన్వర్టరు వేడెక్కేదాకా అది కొంత తడబడి, ఆ తరువాత చదునుగా నిలిచింది. కన్వర్టరు బతికే ఉంది. పొగ పరిమితికి లోబడింది. చాప ఉన్న చోట నేలను చేత్తో తాకి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. సంతకం చేశాను. శాంతి పత్రం అందుకుని, ఫోనులో తమ లంబాడీ భాషలో ఎవరికో నాలుగు మాటలు చెప్పి, "వస్త సార్" అని బండెక్కింది. బడి తెరిచిన రోజున ఆ దారిలో ఆమె వ్యానే నడిచింది.

అక్కడి నుంచి భూపాలపల్లికి బదిలీ అయి, పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాను. ఆ అడవి దారుల్లోనూ వాగులు తక్కువేమీ కాదు, ఎత్తి కట్టిన తీగలూ తక్కువ కాదు. ఇంజను మార్చిన ప్రతి పెట్రోలు వాహనానికీ అంకెల అచ్చు చూశాక, ముందు సెన్సరును ఊడదీయించి తెర మీద ఏ గీత పడిపోతుందో చూడడం నా పద్ధతిగా పెట్టుకున్నాను. యంత్రంలో ఒక భాగం ఉన్న చోటు కూడా ఏదో ఒక పని చేస్తుంటుంది. భాగాన్ని కదిలించడంలో దోషం లేదు. కదిలించినవాడు ఆ చోటు చేస్తున్న పనిని మరొకదానికి అప్పగించి గాని చేతులు కడుక్కోరాదు.