మొటిమల మందు, కాఫీ రంగు లేసు

రండి, కుర్చీ ఇంకాస్త ఇలా దగ్గరగా లాక్కోండి. నాది పెద్ద గొంతు కాదు, ఫ్యాను చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోతాయి. లేసు పని అంటే ఏమిటి, అందులో చెకింగు చేసే మనిషి ఏం చేస్తుంది అని చాలామంది అడుగుతుంటారు. నాకు చదువు అయిదో తరగతి వరకే గానీ, జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. ఒక్క సంగతి చెబుతాను, మధ్యలో లేవకుండా వినండి.

1999 ఆగస్టులో నరసాపురంలోని ఒక లేసు ఎగుమతి సంస్థలో నన్ను హెడ్ చెకర్‌గా వేశారు. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. అంతకుముందు పదకొండేళ్లు అక్కడే అతుకుల బల్ల మీద పనిచేశాను. అతుకులంటే, ఊళ్లల్లో ఆడవాళ్లు విడివిడిగా కుట్టిన లేసు పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి దుప్పటిగానో టేబుల్ క్లాతుగానో చేయడం. హెడ్ చెకర్ అంటే ఆ సంస్థలో ఆడవాళ్లకి దొరికే పెద్ద ఉద్యోగం. నా కంటే బాగా చదువుకున్నవాళ్లు ఇద్దరు ఆ కుర్చీ అడిగారు. యజమాని నాకే ఇచ్చారు. కుట్టు చూసి ఇది మొగల్తూరు చేతిపని, ఇది పాలకొల్లు వైపుది అని చెప్పగలిగేదాన్ని. గర్వంగా చెబుతున్నాననుకోకండి. గర్వమే.

మా దగ్గర సరుకు నడిచే దారి ఇలా ఉండేది. ఏజెంట్లు ఇళ్లకి దారం ఇచ్చి, కుట్టిన లేసు పట్టుకొస్తారు. అది ముందు నా బల్ల మీదికి వస్తుంది. నేను చూసి సరే అంటే ఉతుకుడు షెడ్డుకి వెళుతుంది. అక్కడ ఉతికి, పల్చగా గంజి పెట్టి, చెక్క పలక మీద పిన్నులతో సాగదీసి ఆరబెట్టి, ఇస్త్రీ చేస్తారు. మళ్లీ నా బల్ల మీదికే వస్తుంది. రెండోసారి కూడా నేను సరే అంటేనే ప్యాకింగు. లోపం కనిపిస్తే చీటీ మీద ఏ లోపమో రాసి, కింద సంతకం పెట్టాలి. సంతకం చేయడం నాకు మహా ఇష్టం.

లేసులో ప్రాణమంతా చివరి ముడిలో ఉంటుంది. అది గట్టిగా లేకపోతే మొదటి ఉతుకులోనే మొత్తం ఊడివస్తుంది. అందుకని ప్రతి ముక్కనీ చేతిలోకి తీసుకుని, చివరి ముడిని ఎడమచేతి బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నొక్కి, కుడిచేత్తో ఒక్క లాగు లాగి చూడాలి. రోజుకి కొన్ని వందల ముడులు అలా నా వేళ్ల మధ్య నలిగేవి.

ఇక నా మొహం సంగతి. పదహారేళ్లప్పుడు నాకు ఒక్క మొటిమ లేదు. ముప్పై నాలుగు దాటాక మొదలయ్యాయి. గడ్డం చుట్టూ, దవడల మీద, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా. అతుకుల బల్ల దగ్గర తల వంచుకుని కూర్చునేదాన్ని కాబట్టి పట్టించుకోలేదు. హెడ్ చెకర్ బల్ల మాత్రం వీధి గదిలో ఉండేది. ఢిల్లీ నుంచి సరుకు కొనేవాళ్లు వస్తే మొదట కనిపించేది నా మొహమే. దాంతో సిగ్గు పట్టుకుంది.

ఎవరు ఏం చెబితే అది కొన్నాను. పొద్దున్న ఒక సబ్బు, సాయంత్రం ఇంకో సబ్బు, మధ్యాహ్నానికి గొట్టంలో వచ్చే ఫేస్‌వాషు. తెల్లబడే క్రీము, మచ్చలు పోయే క్రీము, స్నో, పౌడరు, ముల్తానీ మట్టి, గులాబీ నీళ్లు, వాసన నూనె. వంటింటి గూట్లో పప్పు డబ్బాలు జరిపి మరీ పెట్టాను. ఒకరోజు మా అత్తగారు పోపు పెడుతూ ఆవాల డబ్బా కోసం వెతుకుతున్నారు.

“ఏంటే అమ్మాయ్, మనింట్లో ఫ్యాన్సీ కొట్టు పెట్టావా? ఆవాలు అడిగితే స్నో చేతికొస్తోంది!”

“మొహం బాగోలేదండీ, ఏం చేయను?”

“మొహానికేం, బానే ఉంది. దాన్ని కాసేపు ఊరుకోనియ్యవు గదా నువ్వు!”

ఆవిడ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. జీతం పెరిగిందన్న మాటే గానీ, ఆ పెరిగిందంతా ఆ గూట్లోకే పోయేది. చివరికి మందుల షాపులో ఒక తెల్లటి జెల్ ఇచ్చారు. రాత్రి పడుకునే ముందు పల్చగా రాయమని చెప్పారు. రాత్రి కొంచెం రాస్తే తగ్గేది, పొద్దున్న కూడా మందంగా రాస్తే తొందరగా తగ్గుతుంది కదా అని నేను లెక్క వేసుకున్నాను. స్నానం చేసి, జెల్ దట్టించి, పైన పౌడరు కొట్టి పనికి వెళ్లేదాన్ని. కూర్చున్నప్పుడు గడ్డం కింద ఎడమచేయి ఆన్చుకోవడం, బొటనవేలితో మొటిమలు తడుముకోవడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది.

ఆ ఏడాది నవంబరులో కొత్త రకం ఆర్డరు వచ్చింది. అంతవరకూ మావన్నీ తెల్ల లేసులే. ఈసారి కొనేవాళ్లు కాఫీ రంగు దారం అడిగారు. పళ్లెం కింద పరిచే గుండ్రటి లేసులు, అందరికీ ముద్దొచ్చాయి. మొదటి విడత ఉతుకు నుంచి వచ్చింది. రెండోసారి చూస్తుంటే ఒకదాని మీద తెల్లమచ్చ, ఇంకోదాని మీద తెల్లమచ్చ. కందిగింజంత. రంగు పోయి దారం వెలిసిపోయింది. పద్నాలుగు ముక్కలు పక్కన పెట్టాను.

నా బల్ల మీదినుంచి వెళ్లేటప్పుడు మచ్చ లేదు. ఉతుకు నుంచి వచ్చేటప్పుడు ఉంది. అంటే ఉతుకులోనే పోయింది. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? పద్నాలుగు చీటీల మీదా ‘ఉతుకులో లోపం’ అని రాసి, పద్నాలుగు సంతకాలు చేశాను.

ఉతుకుడు షెడ్డు చూసే మనిషి వీర్రాజు గారు. నా కంటే పదిహేనేళ్లు పెద్ద. భార్యాభర్తలిద్దరూ ఆ షెడ్డులోనే ఉతికేవాళ్లు, అదే వాళ్లకి ఆధారం. యజమాని ఆయన్ని పిలిపించి, తెల్ల లేసుకి వాడే బ్లీచింగు నీళ్లు కాఫీ రంగు తొట్టిలో కలిపావని కోప్పడ్డారు. ఆయన కాదన్నారు. నా చీటీలు చూపించి, సోమవారం నుంచి వేరే మనిషి వస్తాడు, లెక్క చూసుకుని వెళ్లిపొమ్మన్నారు. అది గురువారం.

మర్నాడు మధ్యాహ్నం వీర్రాజు గారు మూడు ముక్కలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. తిడతారేమో అనుకున్నాను.

“రత్నమ్మ గారూ, మీ కన్ను గొప్పదండి. ఆ కన్నుతోటే ఇంకోసారి చూడండి. బ్లీచింగు నీళ్లయితే గుడ్డంతా చిమ్మాలి కదండి? మూడిట్లోనూ ముడి దగ్గరే ఎందుకండి?”

“పిన్ను తుప్పేమోనండీ.”

“తుప్పు ఎర్రగా ఉంటదండి, తెల్లగా ఉండదు. ముప్పై ఏళ్లు ఈ నీళ్లల్లోనే నానిపోయానండి, నాకా తెలియనిది?”

ఆయన వెళ్లాక మిగతా పదకొండు ముక్కలూ తీసి చూశాను. అన్నిట్లోనూ చివరి ముడి దగ్గరే. ఆ ముడిని పట్టుకునేది ఎవరు? కుట్టినావిడ, తరవాత నేను. కుట్టినవాళ్లు చూస్తే అయిదు ఊళ్లవాళ్లు. అంతమంది ఒకే తప్పు చేయరు. ఇంత వరకూ ఆలోచన వచ్చింది గానీ, అక్కడే ఆగిపోయింది. నా చేతిలో ఏముంది? సబ్బుతో కడిగిన చేయి!

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అత్తగారు దండెం మీది బట్టలు తీస్తున్నారు. నీలం రంగు దిండు గలేబు ఒకటి వెలుగుకి పట్టి చూస్తున్నారు.

“అమ్మాయ్, దీనికేం తెగులే? పండగకి కొన్నది. సరిగ్గా నీ దవడ ఆనే చోటే పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోయింది!”

గలేబు చేతిలోకి తీసుకున్నాను. అదే మచ్చ. రాత్రిళ్లు అక్కడ ఆనేది జెల్ రాసిన దవడే. అరుగు మీద కూలబడ్డాను. ఏమైందని ఆవిడ కంగారుపడ్డారు. సంగతంతా చెప్పాను. ఆవిడ నా పక్కనే కూర్చుని, కాసేపు గలేబు మడతపెట్టి, మళ్లీ విప్పి, అన్నారు:

“ఎవరికీ తెలియదు గదా.”

“తెలియదండి.”

“చెబితే కుర్చీ పోద్దేమోనే.”

“పోవచ్చండి.”

“మరి?”

“ఆయన పెళ్లాం సోమవారం నుంచి ఎక్కడ ఉతుకుద్దండీ?”

అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. కోపమనుకున్నాను. నా జెల్ గొట్టం తెచ్చి ఒళ్లో పడేశారు. “ఊరికే చెబితే నమ్మరు. పట్టుకెళ్లి చూపించు” అన్నారు.

శనివారం పొద్దున్న యజమాని గదికి ఆ గొట్టం, కాఫీ రంగు దారంతో కుట్టిన ఒక నమూనా ముక్క, ఇస్త్రీ పెట్టె పట్టుకుని వెళ్లాను. వీర్రాజు గారిని కూడా రమ్మన్నాను. ఏమీ చెప్పకుండా, ముందు జెల్ కొంచెం నా గడ్డానికి రాసుకున్నాను. బొటనవేలితో తడుముకుని, రోజూ పట్టుకున్నట్టే ముడి పట్టుకుని లాగాను. షెడ్డులో తడీ వేడీ తగిలాకే మచ్చ తేలింది కదా అని, ముక్కని తడిపి, తడి తడిగా ఉండగానే ఇస్త్రీ పెట్టె ఆన్చి ఉంచాను. తీసి చూస్తే ఏమీ లేదు. యజమాని గడియారం వైపు చూశారు. మళ్లీ తడిపి, మళ్లీ ఆన్చాను. మూడోసారికి ముడి చుట్టూ రంగు పాలిపోయింది. నాలుగోసారికి కందిగింజంత తెల్లమచ్చ తేలింది.

యజమాని ఆ ముక్కని కిటికీ దగ్గర పెట్టి చూశారు. “మీరు చెప్పకపోతే ఇది ఎవరికి తెలిసేదమ్మా?” అన్నారు.

“వీర్రాజు గారు నిన్ననే సగం కనిపెట్టారండి. మిగతా సగం నా మొహం మీద ఉంది” అన్నాను.

వీర్రాజు గారు కండువాతో మొహం తుడుచుకుని, “మీ ముక్కల్ని ఇరవై సార్లు ఉతికి చూశానండీ, చేతులు పొక్కిపోయాయి” అన్నారు. ఆయనకి చేతులు జోడించాను. “అబ్బే, అదేంటండీ” అని వెనక్కి జరిగారు.

యజమాని తీర్పు రెండు మాటల్లో అయిపోయింది. వీర్రాజు గారు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పద్నాలుగు ముక్కల ఖరీదు నా జీతంలోంచి నెల నెలా కొంత పట్టుకుంటారు. కుర్చీ మాత్రం నాకే ఉంచారు. తన తప్పు తనే పట్టుకున్న చెకర్ని ఎక్కడ వెతకను అన్నారు. ఆ మాట నేను మా వీధిలో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు.

జీతం తగ్గాక గూడు ఖాళీ చేయక తప్పలేదు. అయిపోయిన డబ్బా మళ్లీ కొనలేదు. ముందు స్నో ఆగిపోయింది, తరవాత వాసన నూనె, తరవాత రెండో సబ్బు. తీరా మొహం పాడవుతుందేమోనని భయం వేసి, మిగిలినవన్నీ సంచిలో వేసుకుని పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒక్కొక్కటీ తీసి బల్ల మీద వరసగా పెట్టి, నవ్వు ఆపుకోలేకపోయారు. గిన్నె తోమినట్టు మొహం తోముతున్నారమ్మా, అందుకే అది మండిపడుతోంది అన్నారు. ఈ వయసులో మొటిమలు రావడం వింతేమీ కాదన్నారు. ఘాటు లేని మామూలు సబ్బు ఒకటి, రోజుకి రెండుసార్లు. జెల్ రాత్రి మాత్రమే, కందిగింజంత, తరవాత చేతులు కడుక్కోవాలి. తలకి నూనె నుదుటి మీదికి కారేలా పెట్టకూడదు. గిల్లకూడదు. అంతే. మిగతావి ఎవరికైనా ఇచ్చేయమంటారా అని అడిగితే, ఎవరి మీద కోపం ఉందమ్మా అన్నారు.

మూడు నెలలు ఓపిక పట్టాను. కొత్తవి రావడం తగ్గింది. పూర్తిగా పోలేదు, ఒకటో రెండో గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, చూడండి. సబ్బుకీ జెల్‌కీ అయ్యేది, అంతకుముందు ఒక్క తెల్లబడే క్రీముకి అయినంత కూడా కాదు. ఢిల్లీవాళ్లు వచ్చినప్పుడు పౌడరు లేని మొహంతోనే సరుకు విప్పి చూపించాను. వాళ్లు నా మొహం చూడలేదు. ముడి లాగి చూశారు, అది ఊడలేదు.

చెకింగు బల్ల పక్కన నీళ్ల కుళాయి, సబ్బు పెట్టించమని అడిగి పెట్టించాను. పనిలో కూర్చునే ముందూ, మొహం ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడగాలని, మోచేతి వరకూ ఏ క్రీమూ ఉండకూడదని, నా తరవాత వచ్చిన ప్రతి అమ్మాయికీ మొదటిరోజే చెప్పాను. చీటీ మీద ఒకరి పేరు రాసే ముందు ఆ ముక్క తన చేతిలోంచి ఎలా వెళ్లిందో చూసుకోమన్నాను. పందొమ్మిదేళ్లు ఆ కుర్చీలో ఉన్నాను. రంగు లేసు ఎంతో వెళ్లింది. నేను దిగిపోయే రోజు వరకూ మచ్చ ఉందని ఒక్క ముక్క వెనక్కి రాలేదు.

ఆ సంగతి నాకు నేర్పింది ఇదీ: తప్పు ఎక్కడ కనిపించిందో అక్కడే జరిగి ఉండాలని లేదు. వెతికేవాళ్లు తమ చేతిని కూడా వెతకాలి. మొహానికైనా సరుకుకైనా, అవసరం లేనిది తీసేస్తే మిగిలినదాని పని కనిపిస్తుంది.

ఓపికగా విన్నారు. మీ ఇంట్లో పనిచేసే ప్రతి చేతికీ మంచిపేరు రావాలి, ఒకరి తప్పుకి ఇంకొకరు మాట పడే రోజు మీ గడపలోకి రాకూడదు, మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.